అయిదుగురు వినే జాబు

"మూడో ముద్ద వద్దనండి. తిన్నారంటే నాలుగోది వస్తాది."

మంచినీళ్ళ చెంబు ముందు పెడుతూ, పెదవి కదిలీ కదలకుండా ఆ పిల్ల అన్న మాట అది. పెళ్ళిచూపులకు వచ్చిన నాగభూషణం ఉలిక్కిపడి తలెత్తాడు. అప్పటిదాకా అమ్మాయి ముఖం సరిగ్గా చూడనే లేదు. ఎట్లా చూస్తాడు? ఎదురుగా కూర్చున్న ముసలావిడ అతని మీదనుంచి చూపు తిప్పితే కదా!

"వద్దంటే మీ అవ్వ ఊరుకుంటుందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఊరుకోదు. ఊరికే చెప్పినా," అని నవ్వు దాచుకుంటూ లోపలికి పోయింది నీలావతి.

పెనుకొండలో కొండ కింది వీధిలో ఆ ఇల్లు నరసింహులుది. వేరుశనగ సేద్యం. కానీ ఇంట్లో మాట మాత్రం ఆయన తల్లి ఓబులమ్మది. అల్లుడు కాబోయేవాడు ఏం చదివాడు, ఏం ఉద్యోగం అని ఆమె అడగదు. రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి ఎదురుగా కూర్చుని చూస్తుంది. "కూడు గిల్లుకోని తినేవాడు కాపురం గూడా గిల్లుకోనే చేస్తాడు" అని ఆమె సిద్ధాంతం. ఇదివరకు వచ్చిన ఇద్దరు ఆ సంగటి దగ్గరే పరీక్ష తప్పారు.

నాగభూషణం నాలుగు ముద్దలూ తిన్నాడు. ధర్మవరం స్టేషన్లో టికెట్లు ఇచ్చే క్లర్కుకు అది చిన్న పని కాదు.

"పిల్లోడు పర్వాలేదురా," అంది ఓబులమ్మ కొడుకుతో. "వచ్చే నెల తాంబూలాలు మాట్లాడుకుందాం."

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంతటితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ మగపిల్లవాడికి కాస్త చదువూ, చేతిలో ఒక పెన్నూ ఉంటే ఊరుకుంటాడా?

వారం తిరక్కముందే, పదిగంటల బండి వెళ్ళిపోయాక, టికెట్ల కిటికీ మూసి నాగభూషణం జాబు రాయడానికి కూర్చున్నాడు. నాలుగుసార్లు రాసి చించాడు. అయిదోసారి రాసింది తనకే ముద్దొచ్చింది.

"మీ అవ్వగారు నన్ను చూచిన చూపు సంతలో పొట్టేలును చూచెడి చూపు. ఇంకొక ముద్ద వద్దన్నచో నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టునేమో యని భయపడితిని. మీ నాన్నగారు మాట్లాడినది తక్కువ, మీసము దువ్వినది ఎక్కువ. నీవొక్కతెవు లేకున్నచో ఆ ఇంటినుండి పరుగెత్తి వచ్చి కనబడిన రైలెక్కెడివాడను..."

చదువుకుని తనే నవ్వుకున్నాడు. ఆ పిల్ల ఏ మూలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుందనుకున్నాడు. కవరు మీద ఆమె పేరే రాసి డబ్బాలో వేశాడు.

పాపం, ఆ ఇంట్లో జాబులు మూలన కూర్చుని చదవరని అతనికేం తెలుసు?

ఆ ఇంట్లో చదువు వచ్చింది నీలావతి ఒక్కదానికే. నరసింహులుకు సంతకం వస్తుంది, అంతే. జాబు ఎవరి పేరున వచ్చినా సరే, అరుగు మీద కూర్చుని ఆ పిల్ల గట్టిగా చదవాలి, అందరూ వినాలి. అవ్వ, నాయన, అమ్మ పుట్టమ్మ, సేద్యగాడు ఎర్రప్ప, పోస్టుమాను గొంతు వినపడగానే వచ్చి చేరే పక్కింటి అంజనమ్మ. మొత్తం అయిదుగురు. అది ఆ ఇంటి పద్ధతి.

"పెండ్లికొడుకు దగ్గరనుంచా?" అంజనమ్మ ముందే చతికిలబడింది. "చదువు నీలా, చదువు! సిగ్గేముండాది?"

నీలావతి కవరు చింపింది. మొదటి వరుస చూసి చెంపలు ఎర్రబడ్డాయి. నాలుగో వరుస చూసి ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఏమైంది?" అంది అవ్వ.

"ఏం లేదవ్వా. ఆయన... ఆయన క్షేమమంట. మనమంతా క్షేమమని తలుస్తారంట. అవ్వ పెట్టిన సంగటి... బో బాగుండెనంట. నాయనకు నమస్కారాలంట."

"ఇంగా?"

"అంతే."

ఓబులమ్మ లేచి వచ్చి మనవరాలి చేతిలోని కాగితాలు వేళ్ళతో తడిమింది. రెండు కాగితాలు, నాలుగు పక్కలా సిరా.

"ఇంత రాసినాడు గదే. క్షేమానికి ఇంత సిరా పడతాదా?"

అదే సమయానికి బడినుంచి యోహాను అయ్యవారు ఆ దారినే పోతుంటే అవ్వ పిలిచి జాబు చేతికిచ్చింది. పెళ్ళికాని పిల్లకు వచ్చిన జాబు తాను చదవడమేమిటని ఆయన చాలా మొహమాటపడ్డాడు. అవ్వ వినలేదు. చివరికి కళ్ళద్దాలు పెట్టుకుని, బడిలో పాఠం చదివినట్టు, ఒక్క అక్షరం పోకుండా చదివాడు.

పొట్టేలు దగ్గర ఎర్రప్ప కిసుక్కుమన్నాడు. మీసం దగ్గర నరసింహులు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. పళ్ళు లెక్కపెట్టే చోటికి వచ్చేసరికి అంజనమ్మ కూడా తల వంచుకుంది.

యోహాను కాగితాలు మడిచి అరుగు మీద పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"పెట్టిన కూటిని ఎగతాళి చేసినాడు," అంది ఓబులమ్మ. గొంతు పెద్దది చేయలేదు. అందుకే భయం వేసింది అందరికీ. "సరే, వాడు పరాయోడు. నువ్వేమి చేస్తివే? నువ్వు నా కండ్లని నమ్మినానే! పోయినేడు బళ్ళారినుంచి మీ చిన్నాయన రాసిన జాబు గూడా ఇట్లనే చదివితివా? వానికి జరం తగ్గిందని చదివితివే, అది నిజమా? నీ నోట్లోనుంచి పుట్టిందా?"

"నిజమే అవ్వా! ఒట్టు! ఈ ఒక్కసారే..."

"నాకెట్ల తెలుస్తాది?"

తప్పు రాసింది అతను. కానీ అవ్వ కళ్ళలో నీళ్ళు తెప్పించింది మాత్రం తనే. నీలావతి గోడకు ఆనుకుని బిక్కచచ్చి నిలబడింది.

మరునాడు పొద్దున నరసింహులు కూతుర్ని పిలిచి పెన్ను, కాగితం తెమ్మన్నాడు.

"రాయి. మీ సంబంధం మాకు కుదరదు. తాంబూలాలు లేవు. ఇంతే సంగతులు."

ఆ ఇంట్లో జాబులు రాసేదీ నీలావతే. తన సంబంధం చెడగొట్టే జాబు తన చేత్తోనే రాయాలి! పెన్ను కదల్లేదు.

"రాయమ్మా," అన్నాడు నాయన మెల్లగా. "వచ్చే సోమవారం నేను హిందూపురం పోతాండా. బెల్లం మండీ కాడ మన రామప్ప ఒక సంబంధం చెప్పినాడు. మాట ఇచ్చేసి వస్తా."

వచ్చే సోమవారం! అంటే ఆరు రోజులు. నీలావతి నాయన చెప్పింది చెప్పినట్టు రాసింది. రాసి, పెన్ను కింద పెట్టలేదు.

"అవ్వా, కింద నేనొక మాట రాస్తా. చదివి వినిపించే రాస్తా. వద్దంటే కొట్టేస్తా."

"ఏం మాటే?"

నీలావతి ఒక్కొక్క మాటా పైకి చదువుతూ రాసింది.

"ఈ ఇంట్లో జాబు నేను గట్టిగా చదువుతాను. అవ్వ, నాయన, అమ్మ, ఎర్రప్ప, అంజనమ్మత్త వింటారు. మీరు ఒకరికి రాసినారు. అయిదుగురు విన్నారు. మిమ్మల్ని కాపాడాలని నేను అబద్ధం చదివి అవ్వను ఏడిపించినాను. నాకు అది అన్నిటికన్నా బాధగా ఉంది. నీలావతి."

"దాంతో ఏమొస్తాదే?" అంది అవ్వ.

"ఏం రాదవ్వా. తెలీక రాసినాడు. తెలిస్తే చాలు."

ఓబులమ్మ ఆ కాగితాన్ని తనే మడిచింది. తర్వాత, "వెయ్యి పోస్టులో," అంది.

ధర్మవరంలో ఆ జాబు అందుకున్నప్పుడు నాగభూషణం కిటికీ ముందు జనం ఉన్నారు. కదిరికి రెండు టికెట్లు అడిగినవాడికి గుంతకల్లుకు ఇచ్చాడు. వాడు అరుస్తూ ఉంటే కూడా అతనికి వినపడలేదు.

మొదట కోపం వచ్చింది. నా జాబు నలుగురిలో చదవడమేమిటి? మర్యాదా అది? ఆ కోపం ఒక గంట నిలిచింది. తర్వాత బుక్కపట్నంలో ఉన్న తల్లి గుర్తుకొచ్చింది. ఆమెకూ చదువు రాదు. నెలనెలా తను రాసే జాబులు ఆమెకు ఎవరు చదివి పెడుతున్నారు? పోస్టుమానా? కరణమా? అరుగు మీద ఎంతమంది కూర్చుని వింటున్నారు? రెండేళ్ళుగా రాస్తూ ఒక్కసారైనా ఆ ఆలోచన రాలేదు. పోయిన నెల మేనమామను తిడుతూ రాసిన జాబు తలుచుకుని అతనికి చెమటలు పట్టాయి.

రైలెక్కి పెనుకొండ పోదామా అనుకున్నాడు. పోతే గుమ్మం ఎక్కనిస్తారా? తను పోలేని ఇంట్లోకి జాబు పోగలదు. కాగితం తీశాడు. ఈసారి ఒక్క ముఖాన్ని కాదు, అరుగు మీది అందరినీ తలుచుకున్నాడు. వాళ్ళలో ఎవరికి ఏ మాట గుచ్చుకుందో, ఒక్కొక్కరి పక్కన కూర్చుని వింటున్నట్టు అనుకున్నాడు. రాత్రి బండి వచ్చేదాకా రాసి, టపా సంచిలో పడేలా పరుగెత్తి ఇచ్చివచ్చాడు.

శనివారం పెనుకొండలో వాన. ఆ సీమలో వాన పడితే అందరికీ పండగే. ఎర్రప్ప అరుగు మీద నిలబడి "కురువు తల్లీ, కురువు!" అంటున్నాడు. నీలావతి మాత్రం ఆ వానను తిట్టుకుంటోంది. ఈరోజు పోస్టు రాకపోతే రేపు ఆదివారం. సోమవారం పొద్దున్నే నాయన హిందూపురం బండెక్కుతాడు.

మధ్యాహ్నం దాటింది. పోస్టుమాను జాడ లేదు. పుట్టమ్మ సోమవారం ప్రయాణానికని భర్త పంచె ఉతికి ఇంట్లోనే దండెం మీద ఆరేసింది. దాన్ని చూసినప్పుడల్లా నీలావతికి గుండెలో కలుక్కుమంటోంది.

వాన వెలిసేటప్పుడు గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చాడు పోస్టుమాను. కవరు అంచు తడిసి ఉంది. పైన పేరు నీలావతి రెండుసార్లు చదివింది. "ఓబులమ్మ గారికి" అని ఉంది. ఆ ముసలామె పేరున ఆ ఇంటికి జాబు రావడం అదే మొదలు.

"అయ్యవారిని పిలుచుకొస్తానమ్మా," అన్నాడు నరసింహులు తల్లితో.

ఓబులమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది.

"వద్దు. ఇదే చదువుతాది. ఒక్క అక్షరం మింగినావంటే చూడు!"

నీలావతి చదివింది. లోపల ఏముందో ఆమెకూ తెలియదు. ముందు వరుసకు కన్ను పంపి చూసుకునే ధైర్యం కూడా చేయలేదు. ఏమున్నా సరే చదివేయాలి అనుకుంది.

"అవ్వకు, మామకు, అత్తకు, ఎర్రప్పకు, అంజనమ్మగారికి, చదువుతాండే నీలావతికి నాగభూషణం నమస్కారాలు. అవ్వా, సొంత అవ్వకు రాసినట్టు నువ్వనే రాస్తాండా. కోప్పడొద్దు. నేను రెండేండ్లుగా హోటలు కూడు తింటాండా. తిన్నానా లేదా అని ఎదురుగా కూర్చోని చూసినోళ్ళు ఎవరూ లేరు. నువ్వు చూస్తే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు చెప్పుకోలేక పొట్టేలని రాసినా. ఒకరిని నవ్వించాలని ఇంగొకరిని ఆడిపోసుకున్నా. నాది తప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఓబులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చదువు, చదువు. ఆపుతావేమే?"

"మామా, మీ మీసం గురించి రాసింది వట్టి కుళ్ళు. నాకు ఎంత పెంచినా రాదు."

ఎర్రప్ప ఈసారి దాచుకోకుండా నవ్వాడు. నరసింహులు అటు తిరిగి మీసం సవరించుకున్నాడు.

"నీలావతి అబద్ధం చదివింది నా మూలాన. కాగితంలో లేంది ఆ పిల్ల అంతకుముందు ఏనాడూ చదివి ఉండదు. ఆ ఒక్కరోజు తప్పు నా లెక్కలో వేసి ఆ పిల్లను నమ్మండి. ఆఖరి మాట. లోపల మడిచిన చిన్న కాగితం ఉండాది. అది నీలావతికి ఒక్కదానికే రాసినా. అయినా మీ ఇంట్లో దాపరికం తేను. అవ్వ చదవమంటే గట్టిగానే చదవల్ల. వద్దంటే చించేయల్ల. అవ్వ ఇష్టం."

మడిచిన కాగితం నీలావతి ఒళ్ళో పడింది. అయిదుగురూ దానివైపే వంగి చూశారు.

"చదువు మరి," అన్నాడు నరసింహులు. "అందరికీ చదివేది మన పద్ధతి గదా."

నీలావతి మడత విప్పడానికి చెయ్యి పెట్టింది. చచ్చిపోతే బాగుండుననిపించింది. అయినా అవ్వకు ఇంకోసారి అబద్ధం చదవదు. అది మాత్రం నిశ్చయం.

"ఆగే," అంది ఓబులమ్మ. కొడుకు వైపు తిరిగింది. "ఏమిరా, ముప్పై ఏండ్లుగా నీ పెండ్లాంతో మాట్లాడిన మాటలన్నీ వచ్చి నాకు చెప్పినావా ఏనాడన్నా?"

పుట్టమ్మ కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగు తీసింది. నరసింహులు బిత్తరపోయి లేచాడు.

"లేయండి, లేయండి అందరూ! ఎర్రప్పా, వాన పడింటే మడి కాడ గట్టు చూసొచ్చేది లేదా? అంజనమ్మా, నీ పొయ్యిమీద ఏమి మాడుతాందో చూడు పో!" అంటూ ముసలామె కర్ర ఆనించుకుని తనూ లేచి గడప దాటింది. ఆ ఇల్లు కట్టినప్పటినుంచి అరుగు మీద ఒక మనిషి ఒంటరిగా జాబు చదవడం అదే మొదటిసారి.

నీలావతి మడత విప్పింది. నాలుగు వరుసలు.

"మూడో ముద్ద వద్దనమని నువ్వు చెప్పినప్పుడే నాకు నువ్వు కావాలనిపించింది. ఆ మాట రాయడం చేతగాక ఏవేవో రాసినా. నువ్వంటే నాకు ప్రాణం. ఇది అయిదుగురు విన్నా, ఊరంతా విన్నా నాకు భయం లేదు."

చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళ నీళ్ళకు అక్షరాలు అలుక్కుపోతుంటే కాగితాన్ని గబుక్కున గుండెకు అదుముకుంది.

గడప లోపలినుంచి అవ్వ గొంతు వచ్చింది. ఎంతసేపని ఓర్చుకుంటుంది పాపం!

"ఏం రాసినాడే?"

నీలావతి ఒక్క క్షణం ఆలోచించింది.

"చెప్పనవ్వా."

లోపల ముసలామె నవ్వింది.

"అబ్బో! అట్లయితే బాగానే రాసినాడు," అని, పెరట్లోకి వినపడేట్టు కేక వేసింది. "ఒరే నరసింహులూ! సోమవారం హిందూపురం బండి కాదురా. ధర్మవరం బండెక్కు. ఆ పిల్లోన్నీ, బుక్కపట్నంలో ఉండే వాళ్ళమ్మనూ తోడుకోని రా. నేను సంగటి కెలికి పెడతా."