పదహారు చిల్లులు

2018 జూలై 14, శనివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. జగిత్యాలలో తెల్లవారుజాము నుంచి గాలి లేని సన్నని ముసురు పడుతోంది. ఆ ముసురులో ఒక యువతి, ఎడమ పాదానికి సిమెంటు కట్టు, దాని మీద పాలిథిన్ సంచితో, గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టూ ఎక్కి లీల కార్యాలయానికి వచ్చింది.

లీల ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధించి, పదవీ విరమణ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అయింది. కోర్టు టైపిస్టుగా పనిచేసిన శ్రీలత ఆమెకు సహాయకురాలు. తాను టైపు చేసిన తీర్పులు వందల్లో ఉన్నా, నిజం ఎలా బయటపడుతుందో లీల దగ్గరే చూశానని ఆమె అందరితోనూ చెప్పేది.

వచ్చిన యువతి పేరు సృజన. కోరుట్లలో కుట్టు మిషన్ల షాపు నడుపుతుంది. ఆమె అన్న వినోద్ సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో పనివాడు. అతని భార్య శైలజ మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఆరేళ్ల కూతురు ప్రణీత తండ్రి దగ్గరే ఉంటుంది.

షెడ్డులో నలుగురు పనివాళ్లు. ప్రతి వారం ఇద్దరికి పగటి షిఫ్టు, ఇద్దరికి రాత్రి షిఫ్టు. ఎవరికి ఏదో ఇదివరకు సూపర్‌వైజర్ పరశురాములు చెప్పేవాడు. గత డిసెంబరు నుంచి పనివాళ్లు ఆదివారం సాయంత్రం పత్తాలాటతో, అంటే పేకాటతో, తేల్చుకుంటున్నారు. ఒక్కొక్కరికి నలభై చింతగింజలు. ఆట ముగిసేసరికి ఎవరి దగ్గర ఎక్కువ గింజలుంటే ఆ ఇద్దరికి పగటి షిఫ్టు. వినోద్ ఎక్కువగా గెలిచేవాడు. మొన్న సోమవారం పరశురాములు పత్తాల మూలల్లో సూది చిల్లులు చూపించి, మోసం చేసింది వినోదేనన్నాడు. ఈ ఆదివారంతో పని మానుకోవాలని చెప్పాడు. ఆ మాట ఊళ్లో పాకితే మరో షెడ్డులో కూడా అతనికి పని దొరకదు.

"మా అన్న ఏం చేసిండో నాకు తెల్వది మేడం. గని చిల్లులు పెట్టేటోడు మాత్రం కాదు," అంది సృజన.

"ఏం చేసిండో అంటున్నవంటే, ఏదో చేసిండనే గద బిడ్డా," అంది లీల. "కాలుకు ఏమైంది?"

"షాపు మెట్ల మీద జారిన. మూడు వారాలైతుంది."

లీల మూడు వారాల కిందటి ఆ తేదీని కాగితం మీద రాసుకుంది. దానికీ కేసుకూ సంబంధమేమిటో శ్రీలతకు అర్థం కాలేదు. అయినా అలవాటు ప్రకారం తానూ రాసుకుంది.

మధ్యాహ్నానికి లీల, శ్రీలత సిరిసిల్ల చేరారు. ఆటను షెడ్డుకు తెచ్చినవాడు నలుగురు పనివాళ్లలో ఒకడైన శ్రీశైలం. దుబాయి క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్ల దగ్గర నేర్చుకున్నాడట. చేతిలోని పత్తాల విలువ ఇరవై ఒకటి దాటకుండా దానికి దగ్గరగా రావాలి. రాజు, రాణి, జాకీ, పది అన్నీ పదే. ఆసు ఒకటి గానీ పదకొండు గానీ. పత్తాలు పంచేది షెడ్డులో దారం కండెలు చుట్టే సాయవ్వ. ప్రతి ఒక్కరి పోటీ ఆమె చేతిలోని పత్తాలతోనే.

"ఇన్ని వారాలు కోడిపిల్ల లెక్క భయపడుకుంట ఆడినోడు, పోయిన ఆదివారం ఉన్న గింజలన్ని ఒక్క ఆటకే పెట్టి గెలిచిండు మేడం," అన్నాడు శ్రీశైలం. "గప్పుడే నాకు అనుమానమొచ్చింది. అందరి ముందట అన్న సుత."

ఆదివారం పత్తాలు పంచుతుంటే చేతికి ఏమైనా తేడా తెలిసిందా అని లీల సాయవ్వను అడిగింది. ఎప్పటిలాగే నున్నగా ఉన్నాయనీ, ఆట కాగానే డబ్బాలో వేసి పరశురాములు బల్ల సొరుగులో పెట్టాననీ సాయవ్వ చెప్పింది.

పరశురాములు డబ్బా తెచ్చి మర్యాదగా చేతికిచ్చాడు. "ఈ ఆట నాకు రాదమ్మా. పెండ్లిండ్లల్ల మూడు పత్తాల ఆట ఆడుత, గంతే," అన్నాడు. లీల పత్తాలన్నీ పరిచింది. చిల్లులున్నవి పదహారు: ఆసులు, రాజులు, రాణులు, జాకీలు.

గోడ మీద ముప్పై వారాల షిఫ్టుల పట్టిక ఉంది. లీల దాన్ని రాసుకొని, పగటి షిఫ్టు ముగిశాక వినోద్ ఇంటికి వెళ్లింది.

"నీకు ఇరవై పగటి షిఫ్టులు, పది రాత్రి షిఫ్టులు," అంది. "ఆ పదిలో ఆరు నెలాఖరు వారాలే. జూన్ నెలాఖరున మాత్రం నువ్వు ఓడిపోలేదు. అప్పటికి నీ చెల్లె కాలు విరిగి ఉంది. ఆమె వచ్చి ఈ ఇంట్లో పడుకునే వారం చూసుకొని నువ్వు కావాలనే ఓడిపోయినవు."

వినోద్ మెల్లగా చెప్పాడు. "పడిపోయిన పత్తాలు యాది పెట్టుకుంట మేడం. చిన్నయి ఎక్కువ పోతే మిగిలినయి పెద్దయి. గప్పుడు రెండు గింజలు పెట్టేకాడ నాలుగు పెడుత. దాంతోని గెలుస్తనని గ్యారంటీ లేదు, జరంత మొగ్గు, గంతే. రోజు గెలిచెటోని మీదనే అందరి కండ్లు పడ్తయి. గందుకే నెలకో వారం ఇచ్చేస్తుంటి." లోపలి గది వైపు చూశాడు. "పాపకు నిద్రల ఫిట్స్ అస్తయి. రాత్రి పక్కన ఎవరన్న ఉండాలె. నిజంగ ఓడిపోయిన నాలుగు సార్లు చెల్లె షాపు బంద్ పెట్టి అచ్చింది. ఇప్పుడు కాలు ఇరిగి చెల్లె రాలేదు, ఓడిపోతనని భయమైంది, గందుకే అన్ని గింజలు పెట్టిన. ఆడపిల్ల మేడం, బయట తెలుస్తే ఎట్లనని ఎవ్వరికి చెప్పలే."

"నేనూ చెప్పను," అంది లీల. "చెప్పేది, చెప్పనిది నీ ఇష్టం."

మరునాడు సాయంత్రం నాలుగింటికి మగ్గాలు ఆపించి, లీల అందరినీ షెడ్డులో కూర్చోబెట్టింది. వినోద్ లెక్క పెట్టి ఆడాడని ముందే చెప్పేసింది. తర్వాత కొత్త పత్తాల కట్ట విప్పి, పెద్దవారు కనుక మొదట పరశురాములు చేతికిచ్చి, ఈ ఆటలో ముందే తెలిస్తే లాభమనిపించే పెద్ద పత్తాలు తీయమంది. అతను పదహారు తీశాడు. శ్రీశైలం ఇరవై తీశాడు.

"నీవి నాలుగు ఎందుకు ఎక్కువైనయి?"

"పదులు మేడం. ఈ ఆటల రాజెంతనో పది అంతనే. ఈడ ఆడేటోళ్లల్ల ఎవరినడిగినా గదే చెప్తరు."

"చిల్లులు పెట్టినవారికి ఆ సంగతి తెలియదు," అంది లీల. "మూడు పత్తాల ఆటలో పది చిన్నది, అందుకే దాన్ని వదిలేశారు. ఆట ఆడే నలుగురిలో ఎవరూ ఆ పొరపాటు చేయరు. ఇక సాయవ్వ. రోజంతా దారంలో ముడులు వేలితో పసిగట్టే మనిషి. ఆదివారం ఆమె చేతికి పత్తాలు నున్నగా ఉన్నాయి, సోమవారం పొద్దున చిల్లులు పడ్డాయి. మధ్యలో డబ్బా ఉన్నది ఒక్క సొరుగులోనే."

"చీమ కుట్టినంత తేడా ఉన్నా నా వేలికి తెలుస్తది," అంది సాయవ్వ. "పరశురాములన్నా, సూది నా దగ్గర్నే అడుక్కపోతివి గద, బొత్తాం కుట్టుకుంటనని."

పరశురాములు తల వంచుకున్నాడు. "ఈ ఆట రాకముందు షిఫ్టు కోసం అందరు నా దగ్గరికొచ్చెటోళ్లు. అటెనుక నమస్తే పెట్టెటోడు సుత లేకపాయె. శ్రీశైలం అనుమానపడంగనే, ఆట బంద్ చేపియ్యచ్చనుకున్న," అన్నాడు.

మిగిలిన ఇద్దరు పనివాళ్లు మహిపాల్, ముత్యం. ముత్యం ఊరుకోలేదు. "చిల్లులు పెట్టలేదు, సరే. గని లెక్కవెట్టి నా పగటి షిఫ్టులు తిన్నడు గద?"

అప్పుడు వినోద్ లేచి, ప్రణీత సంగతి తానే చెప్పాడు.

ముత్యం ఆ సాయంత్రపు ఆటకు తన వంతు చింతగింజలన్నీ దోసిట్లోకి తీసుకొని తెచ్చి వినోద్ చేతుల్లో పోశాడు. "నోరు ఉండి అడగకపోతివేందిరా? ఇన్ని రోజులు గింజలెందుకు లెక్కవెట్టినవు?" అన్నాడు. ఒక పగటి షిఫ్టు వినోద్‌కు వదిలేసి, మిగిలిన ఒక్క పగటి షిఫ్టు కోసం ఆ సాయంత్రం ముగ్గురే ఆడారు. డబ్బా సాయవ్వ దగ్గరికి మారింది. పరశురాములు వినోద్‌ను క్షమించమని అడిగాడు, వినోద్ సరేనన్నాడు.

ఆ రోజు తానూ షెడ్డుకు వచ్చిన సృజన ఫీజు ఎంతని అడిగితే, రెండు జాకెట్లు కుట్టిపెట్టమంది లీల. సృజన ఆమె చేయి రెండు చేతులతో పట్టుకుంది. "మా అన్న ఇంట్ల రేపటి సంది రాత్రిపూట భయం లేకుంట పండుకుంటరు మేడం. గది మీ వల్లనే," అంది. ఆ మాటను శ్రీలత ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకుంది.

2024 జూన్‌లో ప్రణీత ఏడో తరగతిలో చేరింది. మూడేళ్లుగా ఫిట్స్ రాకపోవడంతో అదే నెలలో డాక్టరు మందు ఆపించారు.