సర్టిఫికెట్ వయసు

2023 డిసెంబర్ 9, శనివారం, సాయంత్రం ఐదూ పది. కార్తీక మాసం ఇంకా మూడు రోజులే మిగిలింది. ఆష్‌బర్న్‌లో ఆ వేళకే చీకటి పడిపోతుంది. చలికి తులసి కుండీని లోపలికి తెచ్చి వెనక అద్దాల తలుపు దగ్గర పెట్టుకున్నాం. దాని ముందు కూర్చుని వత్తులు నూనెలో తడుపుతున్నాను. వంటింట్లో మా మరదలు రేణు చపాతీలు ఒత్తుతోంది. ఇంటి వెనక డేటా సెంటర్‌లో రాత్రింబవళ్ళు తిరిగే మిషన్ల హోరు ఎప్పట్లాగే వినపడుతోంది. ఏడేళ్ళుగా తమ్ముడి ఇంట్లోనే ఉంటున్నాను కనక ఆ హోరు నాకు గడియారం చప్పుడులాగా అలవాటైపోయింది.

తమ్ముడు శ్యామ్‌సుందర్ డైనింగ్ టేబుల్ నిండా తన చెత్త పరుచుకున్నాడు. చెత్త అంటే వాడికి కోపం. కలెక్షన్ అనాలట. ఎవరో యుద్ధాల్లో పారేసిన బిళ్ళలు, గుడ్డముక్కలు, బొత్తాలు. ఆ రోజు పార్సిల్‌లో ఇంకో రెండు వచ్చాయి.

"అక్కా, ఇటు చూడు. ఆల్ప్స్ కొండల్లో రెండో ప్రపంచ యుద్ధం చివర్లో పెట్టిన హోమ్ గార్డులవి."

"హోమ్ గార్డులా? మన తిరునాళ్ళలో ఈల ఊది బస్సులు ఆపేవాళ్ళలాగానా?"

"నీకన్నీ ఎగతాళే! పూర్వం వీళ్ళు ఊరూరా తుపాకీ గురి నేర్పే సంఘాలు. ఊరికో కంపెనీ, లోయకో బెటాలియన్. తమ కెప్టెన్‌ని తామే ఓట్లేసి ఎన్నుకునేవాళ్ళు తెలుసా?"

"యుద్ధం చివర్లో కూడా ఓట్లేశారా?"

పార్సిల్‌లోంచి మొదటిది తీశాడు. "అప్పుడు... హిట్లర్ పార్టీవాళ్ళే పైనుంచి కెప్టెన్లని నియమించేవాళ్ళులే."

ఆకుపచ్చ గుడ్డమీద గద్ద, కింద ఊరి పేరు. అది చేతికి కుట్టుకునే గుర్తు. కాలరు మీద ఒక చుక్కయితే ఓ గుంపుకి పెద్ద, రెండయితే ప్లటూన్‌కి, మూడయితే కంపెనీకి, నాలుగయితే బెటాలియన్‌కి. ఇవన్నీ వాడు దేవుడి నామాల్లాగా అప్పజెప్పాడు. చుక్కలకేం, బోలెడు. కింది మనుషులకి మాత్రం యూనిఫాం లేదు, ఇంట్లో కోటు మీదే గుడ్డపట్టీ కట్టుకుని పొమ్మన్నారట. పదహారేళ్ళవాళ్ళ నుంచి అరవై లోపు వాళ్ళ దాకా పట్టుకుపోయారు. అరవై నిండితే వదిలేసేవాళ్ళు. యుద్ధం ఓడిపోయామని తెలిశాక కూడా ముసలివాళ్ళనీ పిల్లల్నీ ముందుకి తోసి, వాళ్ళ భుజాన గద్దని కుట్టిన పెద్దమనుషులు! అలాంటివాళ్ళ గుర్తులని మా తమ్ముడు మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

రెండోది ఓ కంపెనీ హాజరుపట్టీ. నలభై ఒక్క పేర్లు, పక్కన పుట్టిన తేదీలు. నలభై రెండో గీత ఖాళీగా ఉంది.

నేను వద్దనేలోపే వాడు ఫౌంటెన్ పెన్ తీసి, ఆ గీత మీద తన పేరూ, పుట్టిన తేదీ రాసేశాడు. "ఎలా ఉందక్కా? ఐ యామ్ ఎన్‌రోల్డ్!" అని పెద్దగా నవ్వాడు.

"పోయినవాళ్ళ పట్టీలో పేరు రాసుకుంటావా? బుద్ధుందా?"

"సరదాకే!"

పక్కన తేదీ చూశాను. 1-7-1965. నాకు నవ్వొచ్చింది. అది వాడు పుట్టిన రోజు కాదు, బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు అల్లిన తేదీ. వాడు పుట్టింది శోభకృత్ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ దశమి. గది బయట లాంతరు పట్టుకుని నిలబడ్డది నేనే, ఏడేళ్ళదాన్ని. అరవై ఏళ్ళకి ఆ సంవత్సరమే తిరిగి వచ్చిందని పదిహేడు రోజుల క్రితం ఇక్కడి గుళ్ళో షష్టిపూర్తి కూడా చేశాం. కానీ ఏ కాగితం ముందు పెట్టినా వాడి చెయ్యి సర్టిఫికెట్ తేదీనే రాస్తుంది. పాస్‌పోర్ట్‌లో అదే, గ్రీన్‌కార్డ్‌లో అదే.

నేను దీపం వెలిగించాను.

అప్పుడే డేటా సెంటర్ హోరు ఆగిపోయింది.

ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదది. ఆ నిశ్శబ్దానికి రేణు చపాతీ కర్ర పట్టుకునే హాల్లోకి వచ్చింది. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎక్కణ్ణుంచో వాసన. తడిసిన ఉన్ని వాసన, బూట్లకి రాసే కొవ్వు వాసన, ఎన్నాళ్ళో స్నానం లేని ఒంటి వాసన.

వీధిలో అడుగులు.

కవాతు అందామంటే కవాతు కాదు. ఒకడి కాలు ముందు, ఒకడిది వెనక. ఒకడు కుంటుతున్నాడు. ఎవరో చిన్నవాడు పెద్ద బూట్లు వేసుకుని ఈడుస్తున్నాడు. మా గుమ్మం ముందుకి వచ్చి ఆగాయి.

రేణు ఫోన్‌లో డోర్‌బెల్ కెమెరా చూసింది. "వదినా... ఎవరూ లేరు."

బయట ఒక గొంతు పేరు చదివింది. ఎవరో దగ్గినట్టు జవాబు. ఇంకో పేరు. ఇంకో దగ్గు. ఒక్కోచోట ముసలి గొంతు, ఒక్కోచోట ఇంకా పూర్తిగా మగగొంతు రాని పిల్లవాడిది. నేను వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. భయం వేసిందని అబద్ధమాడను గానీ, భయం కన్నా ముందు ఒళ్ళు మండింది. యుద్ధం పోయె, పార్టీ పోయె, ఒంటిమీద ప్రాణం పోయె... హాజరు మాత్రం పోలేదు!

నలభై ఒకటి అయింది.

తరవాత మా తమ్ముడి పేరు.

నేను వాడి చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పాను.

"పలక్కు. నేను మాట్లాడతాను."

తలుపు దగ్గరికి వెళ్ళాను, తియ్యలేదు. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. మెల్లగానే అన్నాను. "మావాడికి అరవై నిండాయి. శోభకృత్ కార్తీక శుద్ధ దశమి. షష్టిపూర్తి అయింది. మీ రూలు ప్రకారమే మీకు పనికిరాడు. వెళ్ళండి. పసిపిల్లల్ని వెంటేసుకు తిరగడానికి సిగ్గుండాలి మీకు."

బయట కాగితం తిప్పిన చప్పుడు.

వెళ్ళిపోతారేమో అనుకున్నాను. కుంటివాడి అడుగు ఒకటి వెనక్కి పడింది కూడా.

అప్పుడు ఆ గొంతు అడిగింది.

"పుట్టిన తేదీ?"

ఏ భాషలో అడిగిందో నాకిప్పటికీ తెలీదు. నాకు తెలుగులో వినపడింది. రేణుకి ఇంగ్లీషులో వినపడిందట. అడిగింది నన్ను కాదు. తలుపు వెనక వాడు ఎక్కడున్నాడో తెలిసినట్టు, సరిగ్గా వాడి వైపుకి తిరిగి అడిగింది.

"శ్యామూ... అసలుది చెప్పు," అన్నాను. "అక్టోబర్. అరవై మూడు. చెప్పరా."

"ఆఫీసర్ అక్కా..." వాడు చొక్కా సర్దుకున్నాడు. "ఆఫీసర్ అడిగితే... కాగితంలో ఉన్నదే చెప్పాలి..."

"ఏ ఆఫీసర్రా! చచ్చినవాడు!"

రేణు వాడి నోరు మూయబోయింది. అప్పటికే వాడు నిటారుగా నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా కాన్సులేట్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో, ప్రతి కిటికీ ముందూ నిలబడ్డట్టే. చేతులు పక్కకి. గొంతులో ఆ వినయం.

"జూలై ఫస్ట్, నైన్‌టీన్ సిక్స్‌టీ ఫైవ్, సర్."

కలం కాగితం మీద గీసిన చప్పుడు. ఒక్క గీత.

అడుగులు కదిలాయి. మెల్లగా, అడ్డదిడ్డంగా, వీధి మలుపు దాకా. అక్కడినుంచి ఎత్తుకి ఎక్కుతున్నట్టు వినపడ్డాయి. మా వీధి మలుపులో ఎత్తేమీ లేదు, పార్కింగ్ ఉంది.

హోరు మళ్ళీ మొదలైంది. దీపం వెలుగుతూనే ఉంది. తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. "చూశావా, ఏం కాలేదు," అన్నాడు. వేడి వేడి చపాతీలు మూడు తిన్నాడు కూడా. నేను విష్ణు సహస్రనామం చదువుతూ వాడి గది గుమ్మంలోనే కూర్చున్నాను. వాడు హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయాడు.

పొద్దున్నే తలంట్లు పోసుకుని ముగ్గురం గుడికి బయల్దేరాం. వాడి పేరు మీద అర్చన చేయించాలి. రేణు డ్రైవింగ్ సీట్లో, వాడు పక్క సీట్లో, నేను వెనక. వాడు సీట్‌బెల్ట్ పెట్టుకున్నాడు. రేణు కార్ స్టార్ట్ చేసింది.

అద్దం కింద చిన్న పసుపు లైటు వెలిగింది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అని. ఆ సీట్లో బరువు లేకపోతేనే వెలిగే లైటది. మా తమ్ముడు ఎనభై ఆరు కిలోలు.

రేణు ఇంజన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ వెలిగింది.

"పదండి, లేటవుతోంది," అన్నాడు వాడు కిటికీలోంచి వీధి మలుపు వైపు చూస్తూ.

రేణు అద్దంలోంచి నా కళ్ళలోకి చూసింది. బ్రేక్ మీద నుంచి కాలు తియ్యలేదు.