పన్నెండో మేకు

ఆదివారం ఉదయం 7.10.

శవం నీళ్ళలో బోర్లా తేలుతోంది.

జగ్గయ్యపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో, సున్నపురాయి తవ్వుకుని వదిలేసిన పాత క్వారీ గుంట అది. ఏళ్ళ తరబడి కురిసిన వాననీళ్ళు నిండి పచ్చగా, కదలకుండా ఉంటుంది. లోతెంతో చెప్పమంటే ఊళ్ళో తలా ఒక లెక్క చెబుతారు. గేదెల్ని కూడా ఎవరూ అటు తోలరు.

ఎస్.ఐ. నాగశ్రీ గట్టు అంచున నిలబడి కిందికి చూసింది. ఎత్తంటే ఆమెకు భయం లేదు. కానీ ఆ నీళ్ళు చూసి ఒక అడుగు వెనక్కేసింది.

శవాన్ని పైకి లాగారు. మొహం చూసిన కానిస్టేబుల్ నోటిమీద చెయ్యేసుకున్నాడు.

"మేడం, పార్థసారథి మేస్టారండీ! హైస్కూల్లో నాకు సోషల్ చెప్పారు."

మెడలో కెమెరా ఉంది. నాగశ్రీ గ్లవ్స్ వేసుకుని దాని మూత తెరిచింది. మెమరీ కార్డు లేదు. జేబులో తడిసిన ఫోన్ ఉంది. ఏ తాళంచెవీ లేదు. ఎప్పుడూ భుజానికి వేలాడే గుడ్డసంచీ కూడా లేదని కానిస్టేబులే చెప్పాడు.

"ఫొటో తీయబోయి కాలుజారి ఉంటారు మేడం," అన్నాడు కానిస్టేబుల్.

"కాలుజారినాయన కార్డు తీసి ఎవరికిచ్చాడయ్యా?"



ఉదయం 11 గంటలు. గ్రంథాలయం హాలు.

మేస్టారి జీవితంలో మొదటి ఎగ్జిబిషన్ ఆ రోజే మొదలవ్వాలి. గుమ్మానికి మామిడాకులు కట్టే ఉన్నాయి. బల్లమీద ఆహ్వానపత్రాలు. "నాకిష్టమైన పన్నెండు ఫొటోలు, వాటి వెనక కథలు. ప్రారంభం: శ్రీ భవానీప్రసాద్ గారు." భవానీప్రసాద్ అంటే క్వారీ పక్కన సున్నం బట్టీ ఉన్న పెద్దమనిషి. ఊళ్ళో ఏ రిబ్బను కత్తిరించాలన్నా కత్తెర ఆయన చేతికే వెళుతుంది.

పొద్దున్నే అటెండర్ వచ్చేసరికి హాలు తలుపు తీసే ఉందట. తాళం పగలలేదు.

గోడకు పన్నెండు మేకులు. పదకొండు ఫొటోలు. పన్నెండో మేకు ఖాళీ.

నాగశ్రీ ఒక్కో ఫొటో దగ్గరా ఆగింది. మొదటిది, మిర్చి కల్లంలో పడీపడీ నవ్వుతున్న ఆడమనిషి. కింద చిన్న అట్టమీద కథ: "వీరులపాడు జయమణి. ముందుపన్ను ఊడిందని నాలుగేళ్ళు నోటికి చెయ్యడ్డం పెట్టుకునే నవ్వింది. ఆ రోజు రెండు చేతులనిండా మిరపకాయలున్నాయి." నాలుగోది, తలనుంచి కాళ్ళదాకా సిమెంటు దుమ్ముతో తెల్లబడ్డ టిప్పర్ డ్రైవరు. కళ్ళు మాత్రమే మనిషివి. "ఏలీయా. ఇంటికెళితే సొంతకూతురే జడుసుకుని ఏడ్చిందని చెప్పి తనూ ఏడ్చాడు."

 చూడటం తెలిసిన మనిషిని ఎవడో నీళ్ళలోకి తోసేశాడు. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది.

వెనకనుంచి సి.ఐ. నవీన్‌బాబు గొంతు.

"కేసు తేలిపోయిందమ్మా. హాలుకి రెండే తాళంచెవులు. ఒకటి మేస్టారి దగ్గర, రెండోది ఫొటోలు తగిలించిన ఏలీయా దగ్గర. నిన్న సాయంత్రం అయిదున్నరకి మేస్టార్ని బండి మీద క్వారీ మలుపు దగ్గర దింపింది కూడా వాడే. టీ కొట్టువాడు చూశాడు."

"ఎందుకు చంపుతాడు సార్?"

"వాడి మీద పాత డీజిల్ దొంగతనం కేసుంది. ఆ పన్నెండో ఫొటోలో వీడి బండారం ఏదో పడుంటుంది. ఆయన్ని తోసేశాడు. హాలుకొచ్చి ఫొటో ఎత్తుకెళ్ళాడు. రేపు పదకొండింటికల్లా మేజిస్ట్రేట్ ముందుంచుదాం."

మధ్యాహ్నం 12.20. స్టేషన్.

ఏలీయా నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడ దింపావు?"

"మలుపు కాడ, అమ్మా."

"ఎక్కడికెళ్తున్నానన్నారు?"

"చెప్పలా. నువ్వెళ్ళు ఏలీయా, నడిచిపోతానన్నారు."

"చేతిలో ఏముంది?"

"బ్రౌను కవరు. చెమటంటుద్దని రెండేళ్ళతో పట్టుకున్నారు."

"తాళంచెవి?"

"ఇదిగోండి, మొలతాడుకే ఉంది."  "డీజిలు కేసు కొట్టేశారమ్మా, నేను చెయ్యలా. అయినా మూడేళ్ళు ఎవడూ బండివ్వలా. మేస్టారు మాటసాయం చేస్తే స్కూలు బస్సు మీదకి తీసుకున్నారు. రేపట్నించి రమ్మన్నారు. నన్ను జైలుకి పంపితే నా పిల్ల చదువు అయిపోయినట్టే."

 శవం దగ్గర ఏ కవరూ లేదు.

మధ్యాహ్నం 2 గంటలకు పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది. మరణం సాయంత్రం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్య.

మేస్టారి ఇంట్లో ఆయన భార్య వాగ్దేవి గోడకానుకుని కూర్చుంది. ఏడుపు అయిపోయిన మొహం.

"వెళ్ళేముందు ఏమన్నారమ్మా?"

"ఇవాళ ఒకాయన కళ్ళల్లో నీళ్ళు చూసొస్తాను వాగ్దేవీ, అన్నారు. ఎవరండీ అంటే, వచ్చాక చెప్తానన్నారు." కాస్త ఆగింది. "ఇదంతా నిన్ననే కదూ?"

"అవునమ్మా. నిన్ననే."

"ఫొటోలన్నీ ఆ సంచీలో హార్డ్ డిస్కులోనే ఉంటాయి. ఇంట్లో ఏం దాచరు."

మధ్యాహ్నం 3.15. హాలు గుమ్మంలో ఒక ఆడమనిషి, జరీ అంచు చీరలో, బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. విషయం తెలియక ఎగ్జిబిషన్ చూడ్డానికి వచ్చింది. నాగశ్రీ ఆ మొహాన్ని గుర్తుపట్టింది.

"నువ్వు జయమణివి కదూ?"

సంగతి వినగానే జయమణి అక్కడే కూలబడింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా ఫొటో గోడకి పెడతానని అడగటానికి ఊరిదాకా వచ్చారమ్మా. ఒక ఫొటో నా చేతిలో పెట్టి, నులకమంచం మీద కూర్చుని, ఇప్పుడు నీ కథ చెప్పమ్మా, రాసుకుంటానన్నారు. నీకు నచ్చకపోతే చెప్పు, గోడకెక్కించనన్నారు."

"అందరి దగ్గరికీ అలాగే వెళ్తారా?"

"ఎవరి ఫొటో అయినా ముందు వాళ్ళ చేతికి అందాలంట. ఆ తరవాతే గోడ. అది ఆయన నేమం."

నాగశ్రీ చటుక్కున గోడవైపు తిరిగింది.  తరవాత ఫింగర్‌ప్రింట్ టీముకి ఫోన్ చేసింది.

"ఫ్రేముల ముందు కాదు. వెనకవైపు తీయండి. పదకొండూ."

సాయంత్రం 5.40. నందిగామ.

వాగ్దేవి చెప్పిన ఫొటో లాబ్ యజమాని హరిచరణ్ ఆదివారమైనా షట్టర్ సగం తీసి కూర్చున్నాడు.

"పార్థసారథి గారి ప్రింట్లు మీరే వేస్తారా?"

"నేనే మేడం. ప్రతిదీ రెండు కాపీలు. ఒకటి ఫొటోలో ఉన్నవాళ్ళకి. వాళ్ళకిచ్చి వచ్చాకే రెండోది తీసుకెళ్తారు."

"పన్నెండోది?"

"ఒక కాపీ శనివారం మూడింటికి కవర్లో పెట్టించుకుని పేట బస్సెక్కారు. రెండోది ఫ్రేము కట్టి ఉంచు, ఆదివారం పెందలాడే వస్తానన్నారు. పొద్దున ఎనిమిదింటి నుంచి చూస్తున్నా మేడం. ఫోన్ కలవట్లేదు."

ఆయన ఇక రాడని నాగశ్రీ చెప్పింది. హరిచరణ్ లేచాడు. తరవాత లోపలికెళ్ళి ఫ్రేము తెచ్చి ట్యూబ్‌లైటు కింద పెట్టాడు.

చూడగానే నాగశ్రీ ఫొటోలోని ఇద్దర్నీ గుర్తుపట్టింది.

"ఈ ఫైల్ ఎప్పటిదో తెలుస్తుందా?"

అతను కంప్యూటర్లో చూశాడు. "జనవరి పది. ఉదయం ఆరు నలభై రెండు."

సోమవారం ఉదయం 10 గంటలు. గ్రంథాలయం హాలు.

వాగ్దేవి కుర్చీలో కూర్చుంది. గోడ పక్కన సంకెళ్ళతో ఏలీయా. సి.ఐ. గడియారం చూసుకుంటున్నారు. భవానీప్రసాద్ తెల్లని చొక్కాలో వచ్చి వాగ్దేవికి నమస్కారం పెట్టాడు.

"ప్రసాద్ గారూ, ఈ హాల్లోకి మీరు ముందెప్పుడైనా వచ్చారా?" అడిగింది నాగశ్రీ.

"ఇదే మొదటిసారమ్మా. ప్రారంభానికి నిన్న రావాల్సింది. ఇలా రావాల్సొచ్చింది."

"మేస్టార్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"శుక్రవారం. పిలుపుకొచ్చారు."

నాగశ్రీ ఖాళీ మేకు దగ్గరికి నడిచింది.

"సార్, దీన్ని చూసి మనందరం పప్పులో కాలేశాం. పన్నెండో ఫొటో దొంగ ఎత్తుకెళ్ళాడనుకున్నాం. అసలది గోడకెక్కనే లేదు. ఫొటోలో ఉన్న మనిషి చేతికి అందకుండా మేస్టారు దేన్నీ తగిలించరు. శనివారం సాయంత్రం కవరు పట్టుకుని ఆ మనిషి దగ్గరికే వెళ్ళారు."

"మరి హాలు తలుపెవరు తీశారు?" అన్నారు సి.ఐ.

"ఆ మనిషే, మేస్టారి జేబులో తాళంచెవితో. ఇంకో కాపీ ఇక్కడుంటుందని వెతకటానికి వచ్చాడు. దొరకలేదు. ఒక్కో ఫ్రేమూ తిప్పి చూశాడు. పదకొండింటి వెనకా ఒకే మనిషి వేలిముద్రలున్నాయి. అవి ఏలీయావి కావు. అతను అంచులు పట్టుకునే తగిలించాడు. నిన్న రాత్రే పోల్చి చూశారు."

ఆమె సంచీలోంచి ఫ్రేము తీసి బల్లమీద నిలబెట్టింది.

తెల్లవారుజాము మంచు. క్వారీ గట్టు. అంచున ఇద్దరు మగవాళ్ళు. పెద్దవాడి చెయ్యి చిన్నవాడి భుజంమీద ఉంది. ఇద్దరి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి. చూసినవాళ్ళెవరైనా ఎంత ముచ్చటైన అన్నదమ్ములో అనుకుంటారు. మేస్టారూ అదే అనుకున్నారు.

"మీ తమ్ముడు సతీష్‌బాబు జనవరి తొమ్మిది సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కాడని, మళ్ళీ కనబడలేదని, మిస్సింగ్ కంప్లయింటు ఇచ్చింది మీరే. అతని ఫొటో ఎనిమిది నెలలుగా మా నోటీసు బోర్డు మీదుంది. ఇది పదో తారీకు తెల్లవారుజామున తీసింది, ప్రసాద్ గారూ."

భవానీప్రసాద్ ఫ్రేము మీదనుంచి చూపు తిప్పుకున్నాడు. "మంచులో తీసిన ఫొటో పట్టుకుని..."

"మీ వేలిముద్రలు ఇస్తారా?"

 అప్పుడే ఆమె ఫోన్ మోగింది. తెల్లవారి ఆరింటి నుంచీ గజఈతగాళ్ళు గుంటలోనే ఉన్నారు. ఆమె విని, "సరే, ఏదీ ముట్టుకోకండి," అంది.

"నీళ్ళ అడుగున గోనెసంచి దొరికింది. రాళ్ళు కట్టి ఉంది. లోపల ఎముకలు."

భవానీప్రసాద్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఉన్నట్టుండి పదేళ్ళు పైబడ్డవాడిలా అయిపోయాడు.

"పొలం క్వారీకిద్దామన్నాను. వాడు సంతకం పెట్టనన్నాడు. అంతే." ఫ్రేము వైపు చూశాడు. "మేస్టారు వచ్చి ఫొటో నా చేతిలో పెట్టారు. ప్రసాద్ గారూ, తప్పిపోయిన మీ తమ్ముడు మీతో ఉన్న ఫొటో నా దగ్గరుందని ఈమధ్యే చూశాను, మీ దగ్గర ఉండాలి అన్నారు. తమ్ముడి గురించి నాలుగు మాటలు చెప్పండి, రాసుకుంటానన్నారు. అది ఏ రోజు తీసిందో ఆయనకి గుర్తులేదు, నాకుంది."

"చెప్పారా?"

"అరగంట చెప్పాను. చిన్నప్పుడు వాణ్ణి భుజాలమీద ఎక్కించుకుని తిరిగింది... అన్నీ. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చారు. ఆ చోటు ఒకసారి చూద్దాం రండి అని నేనే తీసుకెళ్ళాను."

 సి.ఐ. తల దించుకుని, తనే ముందుకు వచ్చి ఏలీయా సంకెళ్ళు విప్పారు. ఏలీయా మణికట్లు రుద్దుకున్నాడు. 

వాగ్దేవి లేచి వచ్చి భవానీప్రసాద్ ఎదురుగా నిలబడింది.

"ఒక్కటి చెప్పండి. ఆయన భయపడ్డారా?"

భవానీప్రసాద్ ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"లేదమ్మా. నేను తోశానని ఆయనకి తెలియలేదు. కాలుజారిందనుకున్నారు. కిందనుంచి నా పేరే పెట్టి పిలిచారు, చెయ్యందించమని."

వాగ్దేవి వెనక్కి తిరిగింది. ఏలీయా దగ్గరికెళ్ళి, "నన్ను ఇంటిదగ్గర దింపు నాయనా," అంది.