న్యూట్రల్‌లో దిగిన పెళ్ళికొడుకు

మురళీమోహన్‌కి రాని పని లేదు. అలా అని అతనే చెప్పేవాడు.

మలికిపురంలో పెళ్ళిచూపులప్పుడు జ్యోతిర్మయి ఏదడిగినా ఒకటే జవాబు. ఈత? వచ్చండి. వంట? వచ్చండి. ఆ అమ్మాయి నవ్వకుండా "చీరకి ఫాల్ కుట్టడం?" అంటే దానికీ వచ్చనేశాడు.

నెల తిరిగినా ఆ ఇంటి నుంచి అవునూ లేదు, కాదూ లేదు. మురళిది కువైట్‌లో డ్రైవరు ఉద్యోగం, సెలవు చూస్తే అయిపోవస్తోంది. అమ్మాయేమో కళ్ళ ముందు నుంచి కదలదు. కుర్రాడికి అన్నం సహించడం మానేసింది.

అంతలో ఆమె అన్నయ్య బంగారరాజు ఫోన్ చేశాడు.

"లంబసింగి వెళ్తున్నామండి, బళ్ళ మీద. చెల్లి కూడా వస్తోంది. మీకు ఘాట్ రోడ్లు అలవాటేనా?"

"బాగా అలవాటండి."

పచ్చి అబద్ధం. పుట్టింది కోనసీమలో, ఉద్యోగం ఎడారిలో. అతను జన్మలో ఎక్కిన ఎత్తల్లా ఏటిగట్టూ, బ్రిడ్జీ.

మూడు బళ్ళు బయల్దేరాయి. ఆ కొండల కిందున్న నర్సీపట్నంలో కొన్నాళ్ళు పనిచేసిన బంగారరాజు ముందు, వెనక చెల్లెలు. తర్వాత స్నేహితుడు అమ్మిరాజు, అతని భార్య శాంతి. ఆఖర్న మురళి ఒక్కడూ.

పైన మంచు. టీ కొట్టు దగ్గర జ్యోతిర్మయి ఓరగా చూసింది.

"చలేస్తోందాండీ?"

"అబ్బే, లేదండి."

"మరి ఆ టకటక ఏంటండీ?"

"బండండి."

"బండి ఆపేసుంది కదండీ."

శాంతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు దిగడం. బ్రిడ్జి దిగేటప్పుడు మనవాళ్ళంతా చేసే పనే మురళీ చేశాడు. ఇంజన్ ఆపి, న్యూట్రల్ చేసి వదిలేశాడు. పెట్రోలూ మిగులుతుంది, స్టయిలుగానూ ఉంటుంది. జ్యోతిర్మయి పక్కనుంచి చప్పుడు లేకుండా దూసుకుపోయాడు.

ఇంజన్ పట్టు లేక బరువంతా బ్రేకు మీదే పడి, మూడో మలుపు దగ్గర అది వేడెక్కి పట్టలేదు. మాడు వాసన. లోయ వైపు చూడకుండా బండిని కొండవార మట్టిలోకి తిప్పి పడ్డాడు. మోచెయ్యి గీరుకుంది, అంతే.

బంగారరాజు పరుగున వచ్చి బండి లేపాడు. "బ్రేకు ఫెయిలైందాండీ? పాత బండి కదా, దాని తప్పే."

అవునన్నట్టు ఒక్క "ఆయ్" అంటే పరువు దక్కేది. కానీ జ్యోతిర్మయి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆ మొహం చూశాక అబద్ధం నోట రాలేదు.

"బ్రేకు మంచిదేనండి. మన బ్రిడ్జి దిగినట్టు ఇంజనాపి దిగేను. నాకు కొండ మీద నడపడం రాదండి. ఆ మాట చెబితే ఈవిడ్ని మళ్ళీ చూడలేనని చెప్పలేదు."

"ఇంకా ఏం రావండీ?" అంది జ్యోతిర్మయి.

"ఈత రాదండి. వంటంటే ఆమ్లెట్ ఒక్కటే."

ఆమె దగ్గరికొచ్చింది. "రేపు మీరు కువైట్ నుంచి ఫోన్ చేసి 'అంతా బావుంది' అంటారు. అన్నీ వచ్చనే మనిషి మాట నేనెలా నమ్మాలండీ? నెల్రోజులుగా నా భయం అదే."

తర్వాత అటు తిరిగింది. "అన్నయ్యా, నేను ఈయన బండెక్కుతాను."

"నడపడం రాదని ఇప్పుడే చెప్పేరు కదే."

"చెప్పేరు కాబట్టే. కింద ఊళ్ళో ఆపు, నాన్నగారికి ఫోన్ చేసి సరేనంటాను."

బంగారరాజు మురళి బండి బ్రేకులు చల్లారేదాకా ఆగి తన బండి ఎక్కాడు.

"ఇంజన్ ఆపకండి. రెండో గేరు దాటకండి. మెల్లిగా నా వెనకే వచ్చెయ్యండి, బావగారూ."

ఆ ఇంట్లో ఒకరు అతన్ని అలా పిలవడం అదే మొదలు. వెనకెక్కిన జ్యోతిర్మయి చల్లటి చెయ్యి మురళి భుజం మీద పడింది.

"ఆయ్," అన్నాడు, ఇంజన్ స్టార్ట్ చేసి.