ఫరంపేట డబ్బా టీవీ

నైట్ షిఫ్టు చేసేవాడికి పగలే రాత్రి. పొద్దున్న ఏడింటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అన్నయ్యకి స్నానం చేయించి, టిఫిన్ తినిపించి, రెండింటిదాకా పడుకునేవాణ్ణి. లేచాక అతని కుడిచేతికి వ్యాయామం. రెండువేల తొమ్మిదిలో ఎనిమిది నెలలు ఇదే నా బతుకు. ఇంట్లో మేమిద్దరమే. అమ్మానాన్నా పోయారు, పెళ్ళిళ్ళు ఇద్దరికీ కుదరలేదు.

మా అన్నయ్య లూయిస్ టైలరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. "ఇష్టమైన పనేదైనా ఆ చేత్తో చేయించండి. వేలు కదపాలని అతనికే అనిపించాలి. రెండు నెలల్లో కదలకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు డాక్టరు ఏడో నెలలో. కత్తెర పెట్టి చూశాను, జారిపోయింది. అన్నయ్య ఏడ్చాడు. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

అప్పుడే అటక మీది వీడియో గేమ్ గుర్తొచ్చింది. క్యాసెట్ పెట్టి ఆడేది. దానికో ప్లాస్టిక్ తుపాకీ, తెరమీద ఎగిరే బాతులు. చిన్నప్పుడు అన్నయ్య గురి పెడితే బాతు బతికేది కాదు. డబ్బా దులిపి, బోనస్‌తో కొన్న పలకలాంటి కొత్త టీవీకి తగిలించాను. బొమ్మ వచ్చింది. తుపాకీ ఎన్నిసార్లు నొక్కినా ఒక్క బాతూ పడలేదు.

కనకాలపేట టీవీ మెకానిక్ శివ నవ్వాడు. "ఆ తుపాకీకి డబ్బా టీవీయే కావాలండీ. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయిపోయి, బాతు ఉన్నచోట తెల్లగా వెలుగుద్ది. ఆ వెలుగుని తుపాకీ పట్టుకోవాలి. కొత్త టీవీ ఆలస్యం చేసేత్తాదండి."

ఊళ్ళో ఇంటింటికీ డబ్బా టీవీ ఉంది. కానీ సీరియల్ నడుస్తున్న ఇంట్లోంచి టీవీ ఎవరిస్తారు? శివ కొట్లో ఉన్న ఒకదానికి రంగులు పోయి బాతులన్నీ ఎర్రగా కనిపించాయి. ఇంకోటి వేడెక్కగానే ఆరిపోయింది. వారం తిరిగాను. చివరికి ఫరంపేటలో ఒక ఇల్లుందని అతనే చెప్పాడు.

ఆ ఇంట్లో ఉమామహేశ్వరం గారని పెద్దాయన పోయి ఐదు రోజులైంది. టీవీని గోడవైపు తిప్పి, పైన దుప్పటి కప్పారు. కోడలు వెంకటలక్ష్మి గుమ్మంలోనే మాట్లాడింది.

"ఆరేళ్ళు దీని ముందే కూర్చున్నారండి మా మావయ్య. మాట పడిపోయింది. ఏం కావాలన్నా కుర్చీ చేతి మీద మూడుసార్లు కొట్టేవారు. మా అత్త సత్యవతమ్మ పరిగెత్తేది. దీన్ని చూత్తుంటే నాకు కంపరంగా ఉంది, పట్టుకెళ్ళిపోండి."

"పెద్దకర్మ అవ్వకుండా వస్తువు గడప దాటకూడదంటారు కదండీ?"

"మైల మాకు గానీ మీకేంటండీ, మీరు చర్చికెళ్ళేవోళ్ళు కదా! అత్త లేచేలోపు తీసుకెళ్ళిపోండి."

యానాంలో పుట్టి పెరిగినవాడికి ఇరుగుపొరుగు ఆచారాలు తెలియకపోవు. అవసరానికి మాత్రం ఆ మాట భలే అతికింది. మన పద్ధతి కాదు కదా, మనకేం అంటుతుందిలే అనుకుని ఆటో ఎక్కించాను.

ఆ మధ్యాహ్నం కిటికీలు మూసి టీవీ పెట్టాను. బయట ముసురు. టీవీ వేడెక్కుతుంటే దుమ్ము కాలిన వాసన, దానితోపాటు నొప్పుల తైలం వాసన. తెర అంచున చెయ్యి పెడితే రోమాలు లేచి నిలబడ్డాయి. అన్నయ్యని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచేతిలో తుపాకీ ఉంచి, కింద నా చెయ్యి ఆసరా పెట్టాను. బాతు లేచింది.

టక్.

తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. బాతు పడింది.

"అన్నయ్యా! నొక్కావు! వేలు కదిలింది!" నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎనిమిది నెలల్లో నాకదే మొదటి సంతోషం.

అన్నయ్య నావైపు వింతగా చూశాడు. "నేను... నొక్కలేదురా."

వినిపించుకోలేదు. మర్నాడు నాలుగు బాతులు పడ్డాయి. ఆ మర్నాడు తొమ్మిది. మీట నొక్కిన ప్రతిసారీ తెర రెప్పపాటు నల్లబడేది. ఆ నలుపులో, ఉబ్బెత్తు గాజుమీద మా గది కనిపించేది. కుర్చీలో అన్నయ్య, పక్కన నేను, వెనక తలుపు.

మూడో రోజు తలుపు దగ్గర ఇంకెవరో ఉన్నారు.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. నిద్ర చాలక కళ్ళు మోసం చేస్తున్నాయనుకున్నాను. టక్. మళ్ళీ ఉన్నారు. కూర్చుని ఉన్నారు. మా గదిలో లేని కుర్చీలో...

నాలుగో రోజు ఆ కుర్చీ గది మధ్యకొచ్చింది. ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ పొద్దున్నే అన్నయ్య కుడిచెయ్యి దుప్పటి అంచు పట్టుకుంది. ఆపేస్తే ఆ పట్టు పోతుందేమో. నేను మాత్రం ఇంకెన్నాళ్ళు మొయ్యగలను? టీవీ పెట్టాను.

ఐదో రోజు... టక్. ఆ కుర్చీ అన్నయ్య వెనకే ఉంది.

టక్. ముసలి చెయ్యి ఒకటి ముందుకి చాచి ఉంది.

టక్. గాజులో ఇక ఇద్దరమే ఉన్నాం. కుర్చీలో మనిషి మాత్రం నా అన్నయ్యకన్నా బాగా ముసలివాడు.

"జేవియర్..." అన్నయ్య గుసగుసగా అన్నాడు. "ఎవర్రా... నా చెయ్యి... పట్టుకున్నారు?"

ప్లగ్ పీకేశాను. ఇంకా వెచ్చగా ఉన్న టీవీని ఆ సాయంత్రమే ఫరంపేట తీసుకెళ్ళి గుమ్మంలో దింపేశాను. పెద్దకర్మ మర్నాడే. ఒకరోజు ముందే తిరిగిచ్చేశాను కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

అన్నయ్య చెయ్యి మాత్రం కదులుతూనే ఉంది. డాక్టరు నా భుజం తట్టాడు. నేను నవ్వాను. ఆ చెయ్యి అన్నయ్య నిద్రలో ఉన్నప్పుడే ఎక్కువ కదులుతోందని ఆయనకి చెప్పలేదు.

పెద్దకర్మ అయిన రెండోరోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. సత్యవతమ్మ.

"మా టీవీ మీ ఇంటికే వచ్చిందంట కదా బాబూ?"

"ఆయ్, తిరిగిచ్చేశానమ్మా."

"ఇచ్చావులే. టీవీ కోసం రాలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "గోదారొడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు బాబూ. పొద్దెక్కేదాకా నిలబడ్డాం. ఆకలితో ఎక్కడున్నారో... ఆరేళ్ళు ఆ చప్పుడుకే లేచానా, ఇప్పుడు అది లేక నిద్ర పట్టట్లేదు."

జాలేసింది. తప్పు నాదేనని చెప్పాలనీ అనిపించింది. మంచినీళ్ళు తెచ్చి గ్లాసు చేతికిచ్చాను.

లోపల గదిలో కుర్చీ చేతి మీద చప్పుడైంది.

టక్... టక్... టక్.

ఆవిడ ఆలోచించనైనా లేదు. "వత్తన్నానండీ" అంటూ మోకాళ్ళమీద చేతులాన్చి లేచి, గ్లాసు పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. నేను వెనకే పరిగెత్తాను. గుమ్మంలో ఆగిపోయాను.

కుర్చీలో అన్నయ్య తల పక్కకి వాల్చి గాఢంగా నిద్రపోతున్నాడు. పెదాలు మూసి ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం లేచి గ్లాసు అందుకుంటోంది. ఆవిడ ఆ చేతినే చూస్తూ కొంగు నిండుగా కప్పుకుంది.

అన్నయ్య నిద్ర లేవలేదు. నేల మీద ఒక్క చుక్కయినా పడలేదు. ఆవిడ నా చేతికి తిరిగిచ్చిన గ్లాసు ఖాళీగా ఉంది.