తొట్టెల దగ్గర మూడు పిలుపులు

పోశవ్వ మంచి మనిషి. ఆమెలో ఉన్న లోపమల్లా ఒక్కటే, ఎదుటి మనిషి నోరు తెరిచేలోపు ఆ మాటేదో తానే చెప్పేస్తుంది. మెట్‌పల్లిలోని ఆ ఇంట్లో ఆ పొద్దున కూడా అదే జరిగింది.

అరుగు మీద కూర్చున్న ఆమె భర్త హనుమండ్లు "చె... చె..." అన్నాడు.

"చాయనా? తెస్తున్న ఆగు," అంటూ లేచింది పోశవ్వ.

అతను తల అడ్డంగా ఊపాడు.

"చద్దరా? సలి పెడ్తుందా?"

మళ్ళీ అడ్డంగా ఊపి, ఇక నీతో కాదులే అన్నట్టు గోడకు ఆనుకున్నాడు. పాపం, అతనికి కావలసింది చెప్పులు.

పక్షవాతం రాకముందు ఆ మనిషి మార్కెట్ యార్డులో రాగం తీస్తూ పసుపు వేలం వేసేవాడు. అతను "ఒకటోసారి" అంటే గేటు బయట ఆటోవాళ్ళు కూడా తల తిప్పేవారు. ఇప్పుడు కుడిచెయ్యీ పడిపోయింది, మాటా పడిపోయింది.

కరీంనగర్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసే కూతురు రమ, సెలవు పెట్టి వచ్చి తండ్రి దగ్గరే ఉంటోంది. మాట పోయినవాళ్ళకు మాట తెప్పించడం ఆమె పని. ఆ సంగతి నలుగురిలో చెప్పడానికి పోశవ్వకు మొహమాటం. "దవాఖానల ఏదో చేస్తది" అని సరిపెట్టేది. మరిది వెంకటికైతే అది మరీ వేళాకోళం. హైదరాబాద్‌లో కంపెనీవాళ్ళకు అమెరికా యాస నేర్పే ఉద్యోగం వస్తే ఈ పిల్ల వద్దనుకుందని అతని బాధ.

చాయ వేళకు ఆ వెంకటే వచ్చాడు. మస్కట్‌లో ఉన్న పోశవ్వ కొడుకు గోపాల్ కూతురిని ఎల్లుండి తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. హర్షిణి అని ఖాయం చేశారు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం తాత తొట్టెల పక్కన నిలబడి, అందరికీ వినపడేలా ఆ పేరు మూడుసార్లు పిలవాలి.

"అన్న బదులు నేను పిలుస్త వదినా. పదిమందిల ఆయనను పరేషాన్ చేసుడెందుకు?" అన్నాడు వెంకటి.

"గట్లనే కానియ్," అంది పోశవ్వ వెంటనే.

రమకు ఒళ్ళు మండింది. "బాపును అడిగినవా అవ్వా?"

"ఆయనేం చెప్తడే? ఆయన దిక్కు నేను చెప్తలేనా?"

"గదే నేననేది. బాపుకు మాట రావాల్నంటే జర టైం పడ్తది. అది పెదవి దాక వచ్చేలోపు నువ్వు గుంజుకుంటున్నవ్."

పోశవ్వ చాయ గ్లాసు అరుగు మీద ఠక్కున పెట్టింది. "బువ్వ తినిపిచ్చి, తానం పోసి, రాత్రంత కాళ్ళు పిసికి, నేను గుంజుకుంటున్ననా? నీ సదువు గిదే నేర్పిందా? నడుమల ఆగిపోతే సుట్టాలు నవ్వుతరు. ఆయన తల దించుకుంటే నేను సూడలేనే."

ఆ చివరి మాటతో రమ కోపం సగం చచ్చిపోయింది. వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

"పిల్లను నువ్వు పిలుస్తవా బాపూ? వెంకటి కాక పిలువాల్నా?" అని అడిగి ఊరుకుంది.

పోశవ్వ నోరు తెరవబోతే చెయ్యి ఎత్తి ఆపింది. అందరూ అలాగే కూర్చున్నారు. చాయ మీద మీగడ కట్టింది. చివరికి హనుమండ్లు ఎడమచేత్తో రొమ్ము తట్టుకుని "నే... ను" అన్నాడు.

పోశవ్వ చాయ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మాట పోయినా కొందరికి పాట మిగులుతుందని రమకు తెలుసు. అందుకే వచ్చిన రోజు నుంచీ తండ్రి చేత తొడ మీద తాళం వేయిస్తూ మార్కెట్ వేలమే పాడిస్తోంది. ఇప్పుడు ఆ పాట వెనకాల మనవరాలి పేరు తగిలించింది. పెరట్లో రెండు రోజులు అదే పని. ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు.

వేడుక రోజు ఇల్లంతా చుట్టాలు. ఫోన్‌లో గోపాల్ చూస్తున్నాడు. మాట రాకపోతే తాను అందుకుందామని వెంకటి అన్న పక్కనే నిలబడ్డాడు. హనుమండ్లు ఎడమచేత్తో తొట్టెల అంచు మీద తాళం మొదలుపెట్టాడు.

"ఒకటోసారి... హర్షిణి."

తొట్టెల దగ్గర వేలం పాటేమిటని నవ్వులు లేచాయి.

"రెండోసారి... హ... హ..."

ఆగిపోయింది. నుదుట చెమట పట్టింది. నవ్వులు కూడా ఆగాయి. వెంకటి గొంతు సవరించుకున్నాడు. పోశవ్వ పెదవులు కదిలాయి, పేరు ఆమె నాలుక చివరే ఉంది. ఆమె ఒక చేత్తో మరిది మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. రెండో చేత్తో తన కొంగు నోట్లో కుక్కుకుంది.

హనుమండ్లు భార్య వైపు చూశాడు. చెయ్యి మళ్ళీ తాళం అందుకుంది.

"రెండోసారి... హర్షిణి. మూడోసారి... హర్షిణి."

మూడోది అచ్చంగా మార్కెట్ గొంతే. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు మొదలెట్టింది. ఫోన్‌లో గోపాల్ కూడా ఏడుస్తున్నాడు. వెంకటి రమ తల నిమిరి, "నీ నౌకరిని ఇగ ఏమన్న అంటే నన్నడుగు బిడ్డా," అన్నాడు.

భోజనాల దగ్గర వియ్యపురాలు అడిగింది, "మీ బిడ్డ ఏం పని చేస్తది వదినా?"

పప్పు వడ్డిస్తున్న రమ చెయ్యి ఆగింది. పోశవ్వ అలవాటుగా నోరు తెరిచి, మూసుకుంది. భర్త వైపు తిరిగి "నువ్వు చెప్పు," అంది. చెప్పి, విస్తరిలో చెయ్యి కూడా కదపకుండా కూర్చుంది.

"నాకు..." అన్నాడు హనుమండ్లు. చాలాసేపు పట్టింది. "నాకు... మాట... తెచ్చింది."

పోశవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని వియ్యపురాలి వైపు తిరిగింది.

"ఇన్నవా వదినా? ఆయననే చెప్పిండు."