రుచి చూడని పంచ్

"వర్షిణి కూడా అక్కడే ఉంటుంది," అన్నాడు సదాశివరావు. "నువ్వు ఆమె జోలికి పోకూడదు."

క్రాంతి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఢిల్లీ జనక్‌పురిలో ఓ కొరియర్ షాపు పైనున్న రెండు గదుల ఆఫీసు అది. హీటర్ పాడై గది గడ్డకట్టుకుపోతున్నా అతని మెడ వెనక చెమట పట్టింది. కోపం తనలో ఎక్కడ మొదలవుతుందో అతనికి తెలుసు. ముందు మెడలో, తర్వాత దవడల్లో, ఆ తర్వాత చెవుల్లో. చెవులదాకా వచ్చిందంటే ఎదుటివాళ్లు చెప్పేది సగమే వినిపిస్తుంది.

పోయిన చలికాలం వైశాలి మెట్రో పార్కింగులో సుధీర్‌ని కాల్చి చంపారు. సుధీర్, వర్షిణి, క్రాంతి ఒకే గూఢచారి టీమ్. మారుపేరుతో తిరిగే సుధీర్ అసలు పేరు ఆ టీమ్‌కీ, చీఫ్ సదాశివరావుకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అతను పోయిన కొద్దిరోజులకే వర్షిణి శత్రు ముఠాలో తేలింది. క్రాంతికి ఇంకే సాక్ష్యమూ అవసరం లేకపోయింది.

"ఆమె మన మనిషే. డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్.

"మరి సుధీర్?"

సదాశివరావు బల్ల మీదున్న సుధీర్ ఫైలు మూసి, సొరుగులోంచి బీపీ మాత్ర తీసి మింగి, మంచినీళ్లు తాగి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

టార్గెట్ రాజగోపాల్. సరిహద్దు రాడార్లకు సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజినీరు. వర్షిణి చేరిన విదేశీ ముఠాకు అతను ప్రాణాలతో కావాలి. ఆదివారం ఇందిరాపురంలో, అతనుండే అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పెళ్లిరోజు పార్టీ. పార్టీ ఏర్పాట్లు చేస్తున్న రాజీవ్ ఆ ముఠాకు ఢిల్లీ ఏజెంటు. అతని మేనేజర్ వర్షిణి. తాగేదాంట్లో మత్తుమందు కలుపుతారని అనుమానం. క్రాంతి బార్‌మన్ వేషంలో వెళ్లి, పళ్లరసం, జిన్ కలిపే పంచ్ తనే తయారుచేయాలి. టీమ్ వెయిటర్ల వేషంలో ఉంటుంది. కాలర్ మైకులో 'ఐస్ అయిపోయింది' అంటే ప్రమాదమని అర్థం.

చివరగా చీఫ్ ఓ పొడవాటి స్టీలు గరిటె చేతికిచ్చాడు. కాడలో సెన్సర్ ఉంది. విషమైనా మత్తుమందైనా తగిలితే ఎర్ర లైటు, లేకపోతే ఆకుపచ్చ.

ఆదివారం మధ్యాహ్నం టెర్రస్ నిండా పల్చటి ఎండ. హైదరాబాద్ నుంచీ ఆంధ్ర ఊళ్ల నుంచీ ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎండ ఉన్నచోటల్లా కుర్చీలు లాక్కుని కూర్చున్నాయి. పెద్దవాళ్లు తెలుగులో పిలుస్తున్నారు. పిల్లలు హిందీలో పలుకుతున్నారు.

క్రాంతి నారింజ, నిమ్మ తొక్కల్ని పల్చగా చెక్కాడు. కింది తెల్లపొర వస్తే చేదెక్కుతుంది. తొక్కల మీద పంచదార పోసి చేత్తో నలిపాడు. కాసేపటికి పంచదార నూనెలో నానినట్టు మెరిసింది, ఘాటైన వాసన లేచింది. అందులో చల్లారిన టీ డికాక్షన్ పోశాడు. జిన్ సీసాలు తనే తెచ్చుకున్నాడు. పళ్లరసం మాత్రం రాజీవ్ మనుషులు సీలు వేసిన సీసాల్లో పంపారు. పైన మోసంబీ అని రాసి ఉంది. సీసా సీసాలో గరిటె ముంచాడు. ఆకుపచ్చ. అన్నీ కలిపి గాజు గిన్నెలో పోసి, మధ్యలో పెద్ద ఐసు దిమ్మ వదిలాడు. మళ్లీ ముంచాడు. ఆకుపచ్చే.

అప్పుడు వచ్చింది వర్షిణి. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు. నీడలా పక్కనే రాజీవ్.

"భయ్యా, చఖ్ లియా?" అంది. రుచి చూశావా అని.

"జీ మేడమ్," అని అబద్ధమాడి తల తిప్పుకున్నాడు. దవడలు బిగుసుకున్నాయి. సుధీర్‌ని చంపించిన నోటితో ఇప్పుడు రుచుల సంగతి అడుగుతోంది.

రాజగోపాల్ భార్య ఉమ బల్ల దగ్గరికొచ్చింది. ఆవిడ హిందీ ఇంకా గోదావరి దాటి రాలేదు. సాబ్‌కి సగం గ్లాసే ఇవ్వమంది. బీపీ మాత్రలట. ఉప్పు మానేశారు, పచ్చళ్లు మానేశారు, ఆఖరికి చకోతరా పండు కూడా తినొద్దన్నాడట డాక్టరు. ఢిల్లీలో అవి కొనుక్కు తినేదెవరని నవ్వింది. క్రాంతి తలూపుతూనే ఆవిడ భుజం మీదుగా నల్లకళ్లద్దాల వంకే చూస్తున్నాడు.

వర్షిణి మళ్లీ వచ్చింది. పంచ్ చూస్తే కాస్త తేడాగా ఉందనీ, ఓసారి రుచి చూడమనీ అంది. కొత్త బార్‌మన్‌ని ఆట పట్టిస్తోందనుకున్నాడేమో, రాజీవ్ నవ్వాడు. క్రాంతి ఆమెకేసి చూడకుండానే గ్లాసులు నింపాడు. కోపం చెవుల్లోకి వచ్చేసింది.

కిందికి చూశాడు. గేటు దగ్గర ఓ అంబులెన్స్. పొద్దున తను వచ్చేసరికే ఉంది. ఇప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంది.

ఎవరో గ్లాసులెత్తమన్నారు. వెయిటరు రాజగోపాల్ చేతికి గ్లాసిచ్చాడు. జనం మధ్యలోంచి వర్షిణి మూడోసారి వచ్చింది. ఈసారి తెలుగులో, పెదాలు కదిలీ కదలకుండా అంది.

"నన్ను తర్వాత చంపుదువుగాని. ముందది నోట్లో పోసుకో, వెధవా."

వెధవా అన్న మాట అతనికి పూర్తిగా వినిపించింది. టీమ్‌లో ఉన్నప్పుడు ఆమె అలాగే పిలిచేది.

గరిటెతో తీసి నోట్లో పోసుకున్నాడు. తీపి, పులుపు, జిన్ ఘాటు. ఆ తర్వాత నాలుక వెనక ఓ చేదు. తొక్కది కాదు, టీది కాదు. అమలాపురంలో పెరిగిన నాలుక దాన్ని మరిచిపోదు. పంపరపనస. ఇక్కడివాళ్లు చకోతరా అనేది దాన్నే.

అది విషం కాదు, మత్తుమందు కాదు. సెన్సర్‌కి వట్టి పళ్లరసం. ఇంతమందిలో ఎవరికీ ఏమీ కాదు. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునే మనిషికి మాత్రం ఆ రసంతో మందు ఒంట్లో మోతాదు మించిపోతుంది. పైన జిన్. బీపీ పడిపోయి మనిషి కూలబడతాడు. కింద అంబులెన్స్ సిద్ధం. అందరూ కలిసి చేతులారా ఎక్కించి పంపుతారు.

దాన్ని కలిపింది తన చేతులే.

"ఐస్ అయిపోయింది," అన్నాడు కాలర్లోకి. రెండంగల్లో రాజగోపాల్‌ని చేరాడు. గ్లాసు అప్పటికే పెదాలకు ఆనింది. తూలినట్టు నటించి మోచేత్తో కొట్టాడు. పంచ్ అంతా ఆయన కోటు మీద ఒలికింది. తుడుస్తున్నట్టు వంగి చెవిలో తెలుగులో చెప్పాడు. "తాగకండి సార్. పోలీసుల మనిషిని. ఇప్పుడు మీరు పడిపోవాలి."

"ఇక్కడా?"

"ఇక్కడే."

రాజగోపాల్ ఓ క్షణం నేలకేసి చూసి, భార్యకేసి చూసి, కుర్చీ పట్టుకుని బుద్ధిగా కూలబడ్డాడు. నటన ఏమంత బాగాలేదు. కానీ నిజం తెలియని ఉమ పెట్టిన కేక దాన్ని గట్టెక్కించింది.

రాజీవ్ జేబులో చెయ్యి పెట్టి ఫోన్ నొక్కాడు. అంబులెన్స్‌కి ఇంకెవరూ ఫోన్ చేయలేదు. అయినా కాసేపటికే లిఫ్టులోంచి స్ట్రెచర్‌తో ఇద్దరు వచ్చారు. వెయిటర్లు ట్రేలు కింద పెట్టి ఆ ఇద్దర్నీ, రాజీవ్‌నీ గోడకు అదిమారు. రాజగోపాల్ ఒక కన్ను తెరిచి ఇక లేవొచ్చా అని అడిగాడు.

వర్షిణి బల్ల దగ్గరికొచ్చి అద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చకోతరా సంగతి రాజీవ్ పొద్దున్నే చెప్పాడు. చెప్పీ చెప్పగానే నా ఫోన్ లాక్కున్నాడు. ఇంకెలా చెప్పను నీకు?"

"సుధీర్ పేరు మాత్రం బాగానే చెప్పావు."

"చెప్పాను. ముఠా నన్ను నమ్మాలంటే ఒక పేరివ్వాలన్నారు. అతన్ని ముందే తప్పిస్తామని మాటిచ్చారు. ఆ మాట ఎవరిచ్చారో, ఎందుకు తప్పించలేదో ఆయన్నే అడుగు."

ఆమె చూపిన వైపు, లిఫ్టులోంచి సదాశివరావు వస్తున్నాడు. ఇంతకాలం ఒకే మనిషి మీద నిలిపిన కోపం ఆమె మీంచి కదిలి వెళ్లడం క్రాంతి ఒంట్లోనే గమనించాడు. కదిలింది గానీ, తగ్గలేదు. ఆమె మీద కాస్త మిగిలే ఉంది కూడా.

చీఫ్ అతని భుజం తట్టి వెల్‌డన్ అన్నాడు. చలికి చేతులు రుద్దుకుంటూ గిన్నెకేసి చూశాడు.

"నీ పంచ్ మాకు పొయ్యవా ఏంటి?"

క్రాంతి మంచి గ్లాసు ఎంచి నిండా పోశాడు. పైన నారింజ తొక్క వేసి అందించాడు. సదాశివరావు గ్లాసు పెదాలదాకా తెచ్చుకునేవరకూ ఆగాడు.

"సార్, మీరు వేసుకునే మాత్ర పేరేంటి?"

సదాశివరావు గ్లాసు దించి బల్ల మీద పెట్టాడు. సుధీర్ ఫైలు మూసినప్పుడు కూడా ఆయన చెయ్యి అంత నెమ్మదిగా కదల్లేదు.